బంతి కుడికే ఎందుకు పోతోంది?

గోల్ఫ్ అంటే రిటైరైన పెద్దమనుషుల ఆట అనుకునే రోజులు పోయాయి. ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో ఏ డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లినా పాతికేళ్ల అబ్బాయిలు, అమ్మాయిలు బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని వరసగా నిలబడి కనిపిస్తున్నారు. నేనూ ఆ వరసలో ఒకణ్ణే. ప్రతి వారం అక్కడ నాకు కనబడేది ఒకటే. బంతి లేస్తుంది, అరటిపండులా కుడివైపు వంగుతుంది, పోయి పక్కనున్న వలలో పడుతుంది. దాంతో ఇంకా గట్టిగా కొడతారు. అది ఇంకా ఎక్కువ వంగుతుంది. రెండు నెలలు ఇలా గడిచాక ‘ఇది మనకు రాదులే బాస్’ అని కొందరు మానేస్తారు. నడుం పట్టేసి ఇంకొందరు మానేస్తారు. ఈ వారం కాలమ్ వాళ్లు మానకుండా ఉండటానికే.

(ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకి. ఎడమచేతి వాటం వాళ్లు అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోండి.)

ఈ వంపు పేరు స్లైస్. క్లబ్, బంతి ఒకదాన్నొకటి తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు మాత్రమే. ఆ కాస్త టైమ్‌లో రెండు విషయాలు తేలిపోతాయి. క్లబ్ ముఖం ఎటు చూస్తోంది? క్లబ్ ఏ దారిలో వస్తోంది? బంతి మొదట ఎటు బయల్దేరాలన్నది ఎక్కువగా ముఖమే నిర్ణయిస్తుంది. ముఖానికీ దారికీ పొంతన లేకపోతే బంతి పక్కకి తిరుగుతూ వంగుతుంది. క్లబ్ బయటి నుంచి లోపలికి కోసినట్టు వచ్చి, ముఖం ఆ దారికి కుడిగా తెరుచుకుని ఉంటే, అదే స్లైస్. గట్టిగా కొడితే తగ్గేది కాదది.

మనవాళ్లలో దీనికి గల్లీ క్రికెట్ కూడా ఒక కారణమని నా అనుమానం. సిక్సర్ కొట్టాలంటే కుడిచేయి, కుడి భుజం ముందుకు దూకాలి. గోల్ఫ్‌లో ఆ భుజం తొందరపడితే క్లబ్ బయటికి పోతుంది, అక్కడి నుంచి అడ్డంగా లోపలికి వస్తుంది.

మొదట పట్టు సరిచేసుకోండి. బంతి ముందు నిలబడి కిందికి చూస్తే ఎడమచేతి పిడికిలి కణుపులు రెండో మూడో కనబడాలి. ఒక్కటే కనబడుతుంటే చేతిని కాస్త కుడికి తిప్పి పట్టుకోండి. ఇక ఎంత బిగువుగా పట్టుకోవాలంటారా? సిటీ బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు మాత్రం వద్దు. సంతలో టమాటాలు ఏరేటప్పుడు ఎంత పట్టుతో పట్టుకుంటామో, అంత చాలు.

తర్వాత దారి. బంతికి అవతలివైపు నాలుగు వేళ్ల ఎడంలో, జానెడు వెనక్కి, చుట్టిన టవల్ ఒకటి పెట్టండి. క్లబ్ బయటి నుంచి వస్తే టవల్‌కి తగులుతుంది. తగలకుండా కొట్టాలంటే, కిందికి దిగడం భుజంతో కాకుండా బరువు ఎడమకాలి మీదికి మారడంతో మొదలవ్వాలి. ముందు సగం వేగంతోనే చేయండి. బంతి ఎంత దూరం పోయిందో పట్టించుకోవద్దు.

రెండో జబ్బు, క్లబ్ బంతి నెత్తిన తగలడం. బంతి నేల మీదే దొర్లిపోతుంది. వెంటనే పక్కనున్న ఫ్రెండ్ ‘తల ఎత్తేశావ్ బ్రో’ అంటాడు. తల లేచిందనేది నిజమే కావచ్చు గానీ, చాలాసార్లు అసలు సంగతి వేరే ఉంటుంది. బంతిని మనమే గాల్లోకి లేపాలన్న ఆత్రంలో ఒళ్లంతా పైకి లేస్తుంది, బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది. లేపే పని క్లబ్ ముఖానికున్న వాలు చూసుకుంటుంది, మీరు కంగారు పడక్కర్లేదు. ఐరన్ క్లబ్ తీసుకుని, బంతి లేకుండా పది సార్లు ఊపండి. క్లబ్ నేలను రాసుకునేది బంతి ఉండాల్సిన చోట గానీ, దానికి కాస్త ముందు గానీ ఉండాలి, వెనక కాదు. చివర్లో కుడి మడమ లేచి, బరువంతా ఎడమకాలి మీద ఉండాలి. అలాగే మూడు అంకెలు లెక్కపెట్టే దాకా నిలబడండి. తూలిపోతుంటే వేగం ఎక్కువైందని అర్థం.

ఇక నడుం. దీన్ని నవ్వుతూ తీసుకోకండి. గోల్ఫర్లను ఎక్కువగా బాధపెట్టేది నడుం కింది భాగమే. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకి తుంటి సరిగ్గా తిరగదు. తుంటి చేయాల్సిన పని నడుం మీద పడుతుంది. కారు దిగగానే డ్రైవర్ పట్టుకుని వంద బంతులు బాదితే ఏమవుతుందో చెప్పక్కర్లేదుగా! ముందు పది నిమిషాలు నడవండి, తుంటి, భుజాలు తిప్పండి, చిన్న క్లబ్‌తో మొదలుపెట్టండి. నొప్పి మొదలైతే ఆ రోజుకి బుట్ట పక్కన పెట్టేయండి. కాల్లోకి తిమ్మిరి పాకితే వీడియోలు వెతకొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఫోన్ వద్దని కాదు. మీ జేబులోనే మంచి కోచింగ్ పరికరం ఉంది, అది స్లో మోషన్ కెమెరా. ఫోన్‌ని చేతుల ఎత్తులో పెట్టి, ఒకసారి బంతి వెళ్లే గీత వెనక నుంచి, ఒకసారి ఎదురుగా తీయండి. చూసేటప్పుడు ఒక్క తప్పే చూడండి. పది రీల్స్ చూసి పది సలహాలు ఒకే స్వింగ్‌లో పెడితే, పప్పులో పులుసు, పులుసులో పెరుగు కలిపినట్టే.

అందంగా లేదే అని దిగులు కూడా వద్దు. జిమ్ ఫ్యూరిక్ స్వింగ్‌లో క్లబ్ పైకెళ్లే దారి వేరు, దిగే దారి వేరు. అయినా 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్‌లో ఒక రౌండ్‌ని 58 షాట్లలో ముగించాడు. బంతిని తాకే క్షణంలో క్లబ్ సరిగ్గా ఉంటుంది, అంతే.

ఓపిక గురించి తెలియాలంటే టైగర్ వుడ్స్‌ని చూడండి. 1997లో మాస్టర్స్‌ని ఏకంగా 12 షాట్ల తేడాతో గెలిచాక కూడా తన స్వింగ్‌ని విప్పి మళ్లీ బిగించుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో దక్కింది ఒక్క టైటిలే. 2000లో మూడు మేజర్లు గెలిచాడు. అంతటివాడికే అంత టైమ్ పట్టింది. మనకి రెండు ఆదివారాల్లో కుదరలేదని క్లబ్‌లు అమ్మకానికి పెడితే ఎలా?

ఈ ఆదివారం 50 బంతులే తీసుకోండి. మొదటి 10 చిన్న క్లబ్‌తో, సగం స్వింగ్. తర్వాతి 25 టవల్ పెట్టి, నెమ్మదిగా. చివరి 15 మామూలుగా, ప్రతి బంతికీ ఒక గురి ఎంచుకుని. వంద బాదితే తప్పు కూడా వందసార్లు ప్రాక్టీస్ అవుతుంది. యాభైలో పది తిన్నగా పోయినా, ఇంటికెళ్లేటప్పుడు నడుం నిటారుగానే ఉంటుంది, వచ్చే ఆదివారం మళ్లీ రావాలనీ ఉంటుంది.