వేవిళ్లపై వేసిన నింద

గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవక గర్భిణి వాంతి చేసుకుంటుంటే, 'మేం కనలేదా పిల్లల్ని?' అనే ఎత్తిపొడుపు మన ఇళ్లలో కొత్త కాదు. ఆ మాటను పెద్దలు తెలియక అంటారు. చదువుకున్న వైద్యం కూడా దశాబ్దాలపాటు అదే పాట పాడటమే క్షమించరానిది. గర్భం ఇష్టంలేక, భర్త అంటే గిట్టక వాంతులు తెచ్చుకుంటున్నారని గత శతాబ్దంలో వైద్యులు రాశారు. అయినవాళ్లను దగ్గరికి రానివ్వకుండా, వాంతి చేసుకునేందుకు గిన్నె కూడా ఇవ్వకుండా 'చికిత్స' చేశారు.

1999లో అమెరికా జన్యుశాస్త్రవేత్త మార్లీనా ఫెజో తీవ్రమైన వేవిళ్లతో కదల్లేని స్థితికి చేరి, పదిహేనో వారంలో బిడ్డను పోగొట్టుకున్నారు. నలుగురి దృష్టి కోసమే ఇదంతా అన్నట్టు మాట్లాడారు ఆమె వైద్యుడు. ఆ నిందకు జవాబును ఆమె జన్యువుల్లో వెతికారు. 50 వేలకు పైగా మహిళల వివరాలను జల్లెడపట్టిన 2018 నాటి పరిశోధన జీడీఎఫ్15 అనే జన్యువు వైపు వేలు చూపింది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త స్టీఫెన్ ఒరాహిలీ బృందంతో కలిసి 2023లో గుట్టు విప్పారు. గర్భంలోని శిశువు, మాయ ఈ జన్యువు తయారుచేయించే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతాయి. అది మెదడు కాండాన్ని తాకి వికారం రేపుతుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవారికి ఆ తాకిడి తట్టుకోవడం కష్టం. బీటా థలసీమియా ఉన్నవారిలో అది ఎప్పుడూ ఎక్కువే; వారికి వేవిళ్లు చాలా అరుదు. జన్యువులో ఒకానొక అరుదైన మార్పు ఉన్న తల్లులకు ముప్పు కనీసం పదింతలు. ఇందులో మొండితనమెక్కడ? నటన ఎక్కడ?

థాలిడోమైడ్ అనే మందు వైద్యుల్లో మిగిల్చిన భయాన్ని కాదనలేం. వేవిళ్లకూ వాడిన ఆ మందు 1961లో వెనక్కి తీసుకునేలోగా పదివేలకు పైగా పసివాళ్లను వికలాంగులను చేసింది. మందు రాయడానికి జంకు ఉండవచ్చు. రోగి మాట నమ్మడానికి జంకెందుకు?

జన్యువు తెలిసినంతనే చికిత్స చేతికి రాదు. ఈలోగా చేయాల్సినవి చేయకపోవడమే నేరం. బరువు అయిదు శాతం తగ్గిందంటే అది మామూలు వేవిళ్లు కాదు. తల్లికో అక్కకో ఇలాగే అయిందా అని అడగాలి. రోజుల తరబడి తిండి నిలవని గర్భిణికి థయమిన్ అనే విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజ్ అన్నది ప్రతి ప్రసూతి వార్డులో నియమం కావాలి. తూకం చూడటానికి, ఒక ఇంజెక్షన్ ముందుగా ఇవ్వడానికి జన్యుశాస్త్రం అక్కర్లేదు. ఆమె చెప్పింది నమ్మితే చాలు.