బిడ్డల చదువు: లెక్క తేలనప్పుడు

నాంపల్లినుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె ఎనిమిదవ తరగతితో చదువు చాలించినవారు. కుమార్తె పదవ తరగతికి వచ్చినది. బీజగణితపు లెక్క తేలక మొన్న రాత్రి పుస్తకము మూసి యేడ్చినదట. ఆడపిల్లకు ఈ లెక్కలెందులకు, మాన్పింపుమని అత్తగారి మాట. తనకు రానిదానిని పిల్లకెట్లు చెప్పవలెనని ఆమె యడిగినారు.

మాన్పింపవలదని మొదటనే చెప్పుచున్నాము. ఇక ఆమె పంపిన లెక్క చూతము. తల్లి వయస్సు కూతురి వయస్సునకు మూడు రెట్లు. 12 ఏండ్ల పిమ్మట రెండు రెట్లే యగును. ఇప్పుడు కూతురి వయస్సెంత?

తెలియని వయస్సునకు ‘య’ యని పేరు పెట్టుదము. తల్లి వయస్సు 3య. పండ్రెండేండ్లకు కూతురు య + 12, తల్లి 3య + 12. అప్పటికి తల్లి వయస్సు రెండు రెట్లు గనుక,

3య + 12 = 2(య + 12)

చిన్నది కాలు జారినది ఇచ్చటనే. బ్రాకెట్టులోని ‘య’ను మాత్రము రెట్టించి, 12ను రెట్టింప మఱచి, 2య + 12 అని వ్రాసినది. జవాబు సున్న వచ్చినది! కూతురికి సున్నయైనచో తల్లికిని సున్నయే గదా. ఇద్దరును ఒక్కనాడే పుట్టిరి కాబోలు! నవ్వు వచ్చును గాని, ఈ సున్నయే మేలు చేసినది. వచ్చిన జవాబును తిరిగి కథలో పెట్టి చూచినచో తప్పు తానే బయటపడును. దీనికి బీజగణితము రానక్కఱలేదు. ప్రక్కను కూర్చుండి “ఇది పొసగునా, అమ్మా?” యని యడుగుట ఏ తల్లికైనను సాధ్యమే.

సరిగా రెట్టింపగా కుడివైపున 2య + 24 అగును. ఇరువైపులనుండి 2య తీసివేసిన య + 12 = 24. కావున య = 12; తల్లికి 36. పండ్రెండేండ్లకు 24, 48. పొసగినది.

రేఖాగణితమున బొమ్మయే సగము బలము. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలని బట్టీ పట్టింపక, పై శీర్షము గుండ భూమికి సమాంతరముగా ఒక గీత గీయించుడు. క్రింది రెండు కోణములును ఏకాంతర కోణములై పైకి వచ్చి, పై కోణమునకు చెరియొక ప్రక్క నిలుచును. మూడును కలిసి ఒక సరళరేఖపై నున్నవి. అది 180 డిగ్రీలు.

లెక్క తేలక నిట్టూర్చిన పిల్ల మన వీథులకు క్రొత్త కాదు. ఆబిడ్సునుండి నాంపల్లి స్టేషనునకు పోవు దారిలో గోల్డెన్ థ్రెషోల్డ్ అను ఇల్లు కలదు. అది సరోజినీ నాయుడుగారిది. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు కూతురు గణితమునందో విజ్ఞానశాస్త్రమునందో పేరు గాంచవలెనని కోరినారు. పదునొకండవ యేట ఒక బీజగణితపు లెక్క యెంతకును తేలక, దానికి మారుగా పద్యము పుట్టినదని ఆమెయే వ్రాసినారు. అయినను పండ్రెండవ యేటనే మద్రాసు మెట్రిక్యులేషను గట్టెక్కినారు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట ఆ యింటనే నడచినది.

చిన్నదానికి మా తరఫున ఒక ప్రశ్న: ఆ తల్లి వయస్సు కూతురి వయస్సునకు ఒకటిన్నర రెట్లగునది ఎన్నేండ్లకు? జవాబును కథలో పెట్టి చూచిన పిమ్మటనే మాకు పంపవలెను.