నీడలో కొలిచిన ఎండ

పోయిన భాగంలో సుగ్గి గురించి రాశాను. అది చదివి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. మంచివాడే. "అన్నా, అన్నిటికీ కులం అంటావు సరే, ఎండకు కూడా కులం ఉంటుందా? సూర్యుడు అందరికీ ఒకటే కదా?" అన్నాడు.

సూర్యుడు ఒకటే తమ్ముడూ. నీడ ఒకటి కాదు. ఈ భాగం దాని గురించే.

2025 ఫిబ్రవరి 28న భారత వాతావరణ శాఖ ఆ వేసవి అంచనా చెప్పింది. మార్చి నుంచి మే దాకా దేశంలో చాలా భాగాల్లో పగటి ఎండలు మామూలు కంటే ఎక్కువ, రాత్రి వేడి కూడా ఎక్కువ, వడగాలుల రోజులూ ఎక్కువ. 2024 ఏప్రిల్ 1న చెప్పింది ఇంకా గుర్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మైదానాల్లో మామూలుగా 4 నుంచి 8 రోజులుండే వడగాలులు 10 నుంచి 20 రోజులు ఉండొచ్చని అన్నారు.

ఈ లెక్క ఎక్కడ పుడుతుందో చూడండి. ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు తెల్లరంగు చెక్కపెట్టెలో ఉంటుంది. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేటట్టు, ఎండ నేరుగా తగలకుండా పెడతారు. గాలి వేడిని కొలవాలంటే అట్లే కొలవాలి, శాస్త్రం తప్పు కాదు. కానీ పేపర్లో "ఆదోని 42" అని చదివినప్పుడు అది నీడలో ఉన్న 42 అని గుర్తుపెట్టుకోండి. నల్లరేగడి చేలో నడుం వంచి పత్తికట్టె పీకే మనిషి నెత్తిన పడేది ఆ 42 కాదు. పైనుంచి ఎండ, కిందనుంచి నేల సెగ. ఆ లెక్క ఏ బులెటిన్‌లోనూ రాదు.

రెండో సంగతి. మైదానంలో వడగాలి అని ప్రకటించాలంటే ఎండ 40 దాటాలి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదా 45 తాకాలి. నడివేసవిలో మామూలే 40 దగ్గరుండే చోట 43 వచ్చినా అది వడగాలి కాదు. కాగితం మీద ఆ రోజు ఏమీ జరగలేదు. మనిషి పడిపోయినా సరే.

మూడోది సలహా. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయటికి రావద్దు, నీళ్లు బాగా తాగండి, మజ్జిగ తాగండి. ఈ మెసేజి మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె నవ్వింది. "లోపల కూసుంటే రేకు కాలుతాది, బయటికి పోతే భూమి కాలుతాది. యాడ ఉండమంటాడంట ఆయప్ప?" అంది.

ఆ సలహా ఎవరి కోసం రాశారో అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. ఇంటిపట్టున ఉన్నా కూడు దొరికేవాళ్ల కోసం, ఇల్లు చల్లగా ఉండేవాళ్ల కోసం రాసింది అది. మా గేరి ఊరి చివర ఉంది. మేము ఎంచుకున్న చోటు కాదు. ఊరి నడుమ రచ్చకట్ట, దానిమీద పెద్ద వేపచెట్టు ఉన్నాయి. మా నాయన ఆ కట్ట ఎక్కి కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. ఊర్లో పెద్ద నీడ ఎవరిదో మా నాయన కాళ్లకు తెలుసు.

నీళ్ల సంగతీ అంతే. ఆదోని, ఎమ్మిగనూరు గొంతు తడవాలంటే తుంగభద్ర దిగువ కాలువే దిక్కు. కాలువ ఆగిపోయాక చెరువుల్లో నింపుకున్న నీళ్లే వేసవంతా. 2024 ఆగస్టు 10న డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా వాళ్లు వరద కోసం కాదు, రాబోయే ఎండకాలం బిందె కోసం భయపడ్డారు. ఆంధ్రప్రదేశ్ మొదటి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య మా జిల్లా పెద్దపాడు బిడ్డ. గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. పేరు మాది. నీళ్లలో వంతు మాత్రం చివరిది.

ఇప్పుడు చావుల లెక్క. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బ చావులు సర్కారు లెక్కల్లోనే 1,500 దాటాయి. ఆ లెక్కలో చేరడం కూడా తేలిక కాదు. తహశీల్దారు, ఎస్ఐ, డాక్టరు ముగ్గురూ కలిసి అవునని తేల్చాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు పోయినవాళ్లకు ఆ ముగ్గురు ఎక్కడ దొరుకుతారు? మా గేరి పెద్దాయన ఒకరు అట్లే మిరపచేలో కూలబడ్డాడు. రాత్రికి రాత్రి బండిలో తెచ్చారు, తెల్లారి మట్టి చేశారు. పోస్టుమార్టం లేదు. "గుండె ఆగింది" అన్నారు. ఎవరి గుండెయినా చివరికి ఆగేదే కదా. ఎందుకు ఆగింది అని అడిగినవాడు లేడు.

ఇంకో వింత. 2025 నాటికి విపత్తు సాయానికి కేంద్రం గుర్తించిన జాబితాలో చలిగాలులు ఉండేవి, వడగాలులు ఉండేవి కావు. చేర్చమని రాష్ట్రాలు అడిగితే, జాబితా పెంచాల్సిన అవసరం పెద్దగా లేదని 15వ ఆర్థిక సంఘం తేల్చేసింది.

కాబట్టి మేము అడిగేది మజ్జిగ పంపిణీ కాదు. చలివేంద్రం దగ్గర ఫోటో కాదు. వడగాలి హెచ్చరిక వచ్చిన రోజు పని ఆపాలి, కూలి ఆపకూడదు. పని చోట నీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూల్లోనే రాశారు. రెండు పూటలా హాజరు ఫోటో తీసే యాప్ 2023 నుంచి ప్రతి పని చోటుకూ వచ్చింది. కూలీ మొహం అప్‌లోడ్ చేయగలిగినవాళ్లు ఒక పట్టా కట్టి నీడ చేయలేరా? వడగాలిని విపత్తుగా గుర్తించాలి. సుగ్గికి పోయిన చోట చనిపోయినా సొంతూరి లెక్కలో రాయాలి.

యూనివర్సిటీల్లో చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. ఈ ఎండకాలం ఊరికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుపోండి. మీ గేరిలో ఎవరు పడిపోయారు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ పనిలో ఉండగా, అన్నీ రాయండి. వాళ్ల లెక్కలో లేని చావును మన లెక్కలోనైనా ఉంచుదాం. రేపు ఆఫీసు ముందు నిలబడినప్పుడు ఆ పుస్తకమే మన సాక్షి.

బాబాసాహెబ్ మహద్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది 1927 మార్చి 20న. అదీ ఎండలు ముదిరే కాలమే. ఆ రోజు అడిగింది దాహం తీర్చమని కాదు, హక్కు ఒప్పుకోమని. దాదాపు వందేళ్లయింది. నీళ్ల పక్కన ఈసారి నీడను కూడా చేర్చి అడుగుదాం.

జై భీమ్.

వచ్చే భాగంలో: సుగ్గికి పోయిన పిల్లల ఖాళీ బడి.