ఈ-రీడరు కొనాలా, వద్దా?

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. ఇప్పుడా భూషణం బరువు రెండు వందల గ్రాములకు అటూ ఇటూ! వెయ్యి పుస్తకాలు అందులోనే పడతాయి. "కొనమంటావా, వద్దంటావా?" అని కాలేజీ మిత్రులు అడుగుతున్నారు. స్కాలర్‌షిప్ డబ్బులతో కొందామనుకునే వాళ్ళూ ఉన్నారు కనుక, ఆర్నెల్లు వాడిన మీదట నాకు తోచింది నిర్మొహమాటంగా చెప్తాను.

ముందు మంచి మాట. ఇది ఫోను లాంటిది కాదు. నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తుకి లోబడి పైకి తేలి అక్షరాలవుతాయి. కాగితం మీద సిరా చూసినట్టే ఉంటుంది. కరెంటు ముఖ్యంగా పేజీ తిప్పినప్పుడే కావాలి కనుక ఒకసారి ఛార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది. షాలిబండలో మా మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో కూచుని ఇంగ్లీషు నవల చదివాను. ఫోనులో అయితే ఆ ఎండకి మన మొహమే కనబడుతుంది! పైగా మధ్యమధ్య వాట్సాప్ పిలుపులు లేవు. ఇంగ్లీషు చదువరికి ఇది మేలైన వస్తువని ఒప్పుకోక తప్పదు.

మరి తెలుగు? చిక్కంతా ఇక్కడే. 2016లో అమెజాన్ వారు తమ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టారు. ఆ అయిదింటిలో మనం లేము. మన పాత పుస్తకాలు ఇంటర్నెట్లో వేలకొద్దీ దొరుకుతాయి, నిజమే. కాని అందులో చాలా భాగం పేజీల ఫోటోలు. ఎనిమిదిన్నర అంగుళాల డెమ్మీ పేజీని, మూల నుంచి మూలకి ఆరంగుళాలుండే తెరలో ఇరికిస్తే అక్షరం దాదాపు సగమైపోతుంది. మన లిపికా, కింద ఒత్తులు, పైన గుడులు, పొట్టలో చుక్కలు. 'థ'లో చుక్క మాయమై రథం కాస్తా రధం అవుతుంది! పోనీ పెద్దది చేద్దామంటే పంక్తి తెర దాటిపోతుంది. అటూ ఇటూ జరుపుకుంటూ చదవడం, కిటికీ సందులోంచి లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపు చూసినట్టే. జరిపినప్పుడల్లా తెర ఓసారి రెప్ప వేస్తుంది కూడాను.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఒక నవల కొంటే అమ్మ చదువుతుంది, పక్కింటి పిన్నిగారు పట్టుకెళ్తారు, ఆర్నెల్లకి అట్ట లేకుండా తిరిగొస్తుంది. ఈ యంత్రంలోది అలా చేతులు మారదు. అసలది మనదేనా? 2009లో అమెజాన్ వారు ఆర్వెల్ '1984' ప్రతులను కొన్నవాళ్ళ కిండిళ్ళలోంచి చెప్పాపెట్టకుండా తుడిచేశారు. డబ్బు వాపసిచ్చి, తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని వారి సైటు నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే సదుపాయమూ తీసేశారు. అంటే కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?

కనుక మిత్రులారా, ఇంగ్లీషు ఎక్కువ చదివేవాళ్ళు నిక్షేపంగా కొనుక్కోండి. తెలుగు కోసమైతే స్కాలర్‌షిప్ డబ్బు తగలెయ్యకండి. పది అంగుళాల రకంలో డెమ్మీ పేజీ ఇంచుమించు అసలు సైజులో పడుతుంది, కాని దాని ధర వింటే గుండె ఝల్లుమంటుంది. అలాంటిదొకటి మన కాలేజీ లైబ్రరీ కొని, అఫ్జల్‌గంజ్ ఆసఫియాలో పుస్తకాలు అందరికీ ఉన్నట్టు, అందరికీ అందుబాటులో ఉంచాలని యూనియన్ వారు అడగకూడదా? నా ఆరంగుళాలది ఇంగ్లీషు నవలలకే ఉంచుకున్నాను. అమ్మ అడిగిన పాత నవల కోసం ఈ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకాలి.