పెరటి శాలయు ఉప్పు బయలును

గొప్ప యంత్రము ధనవంతుని యింటనే పుట్టుననియు, మహాకర్మాగారము లేనిచోట మహావేగము లేదనియు లోకమున నొక నమ్మకము పాతుకొని యున్నది. అమెరికా దేశమున యూటా రాష్ట్రమందు వెండోవరు పట్టణము చెంత నున్న బోనవిల్ ఉప్పు బయలు ఈ నమ్మకమును 1949వ సంవత్సరము మొదలుకొని పరిహసించుచునే యున్నది. ఆ యేట అచ్చట 'వేగవారము' అను పేర నారంభమైన పరుగులకు నేటికిని వేసవిలో వందలకొలది బండ్లు వచ్చుచుండును. వానిలో పెక్కు బండ్లు ఏ కంపెనీయు తయారుచేసి యమ్మినవి కావు. పెరటిలోని షెడ్డులలో, రాత్రులందును సెలవుదినములందును, ఇంటివారును స్నేహితులును కూడి కట్టినవి. గెలిచినవానికి ధనము లేదు. గంటకు 200 మైళ్లకు మించిన వేగముతో తన తరగతిలో రికార్డు నెలకొల్పినవాని కొక యెఱ్ఱటోపి దక్కును. ఆ టోపి కొఱకు ఏండ్ల తరబడి చెమటోడ్చువారు కలరు.

ఈ గృహనిర్మిత వేగశకటములను గూర్చి మేమిచ్చట వ్రాయబూనుట కేవలము వినోదార్థము గాదు. మనుష్యుడు తన యింట నిర్మించుకొన గలిగిన దేదియో, ఎంత నేర్పరి యైనను ఇంట నిర్మింపజాలని దేదియో ఆ యుప్పు బయలు తేటతెల్లముగా చూపుచున్నది. రెండవదానిని కాపాడుకొనలేనివాడు మొదటిదానిని గూడ పోగొట్టుకొనును. ఆ ప్రమాదమే నేడు అచ్చటివారికి వాటిల్లి యున్నది.

మొదట ఈ పని యెంత కష్టమో తెలిసికొందము. బండి వేగము రెట్టింపైనచో గాలి యడ్డు నాలుగు రెట్లగును. ఆ యడ్డును త్రోసికొని పోవుటకు వలయు బలము ఎనిమిది రెట్లగును. గంటకు 100 మైళ్లు పోవు బండిని 200 మైళ్లు పరుగెత్తింపవలె నన్నచో రెండింతల యింజను చాలదు. ఇంజను మీద ఇంజను పేర్చుకొను స్తోమతు లేనివాడు వేఱొక త్రోవ పట్టవలెను: గాలికి ఎదురగు ముఖమును చిన్నది చేయవలెను, దేహమును నునుపు చేయవలెను, బండిని నేల కంటించి వంచవలెను. బలము ధనముతో కొనవచ్చును; ఈ సన్నదనము ఆలోచనతోను ఆకురాతితోను మాత్రమే వచ్చును. పేదవాని యాయుధ మిదియే.

దీనికి తార్కాణముగా ఒక తుక్కు తొట్టి కథ చెప్పవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా యుద్ధవిమానములు దూరపు పయనములకై అదనపు పెట్రోలును లోహపు తొట్లలో నింపి, క్రింద తగిలించుకొని యెగిరెడివి. అవి గాలిని సులువుగా చీల్చుటకై నీటిబొట్టు వలె చేయబడినవి. యుద్ధము ముగిసినంతనే అవి మిగులు సామాను అంగళ్లలో కారుచౌకగా దొరకెను. బిల్ బర్క్ అనునతడు యుద్ధకాలమున పసిఫిక్ ప్రాంతమున కొలువులో నుండగా వీనిని చూచి, వీనిలో ఒక మనుష్యునికిని ఒక యింజనునకును చోటు కుదురునని తలపోసెను. 1946లో ముస్టాంగు విమానపు తొట్టితో మొదటి బండిని కట్టెను. పిదప లైట్నింగు విమానపు పెద్ద తొట్టితో మఱియొకటి కట్టెను. ప్రభుత్వపు విమానశాస్త్రజ్ఞులు కోట్ల వ్యయముతో సాధించిన రూపమును అతడు తుక్కు వెలకు సంపాదించెను. ఆ జాతి బండ్లు నేటికిని ఉప్పు బయలుపై పరుగెత్తుచునే యున్నవి.

ఓహాయో రాష్ట్రమున ఆక్రన్ నగరమున దాణామిల్లు నడుపు కుటుంబములో పుట్టిన ఆర్ట్ ఆర్ఫన్స్ ఇంకను సాహసించెను. యుద్ధవిమానమునకు చెందిన యొక చెడిపోయిన జెట్ ఇంజనును 5,000 డాలర్లకు మిగులు సామానుగా కొని, దాని మర్మములు తెలుపు పుస్తకము సైతము నిర్మాతల నుండి లభింపకపోగా, తానే విప్పి, తానే బాగుచేసి, పెరటిలోని చెట్లకు గట్టి ముట్టించి పరీక్షించెను. ఆ యింజను చుట్టును కట్టిన బండితో 1964 అక్టోబరు 5వ తేదీన గంటకు 434 మైళ్లును, అదే నెల 27వ తేదీన 536 మైళ్లును, 1965 నవంబరు 7వ తేదీన 576 మైళ్లును పోయి, ముమ్మారు ప్రపంచ రికార్డును తన పేర వ్రాయించుకొనెను. 1965 నవంబరు 12న బాబ్, బిల్ సమ్మర్స్ అను అన్నదమ్ములు నాలుగు ఇంజన్లను ఒకే వరుసలో పేర్చి తాము కట్టిన 'గోల్డెన్‌రాడ్' అను 32 అడుగుల బండిలో, చక్రములను త్రిప్పి నడుచు శకటములలో గంటకు 409.277 మైళ్ల రికార్డు నెలకొల్పిరి. దానిని దాటుటకు 1991 ఆగస్టు వఱకు పట్టెను. దాటినవాడు గొప్ప కంపెనీ యేలిక గాడు. ఒకే యింజనుతో తన బండిని తానే కట్టుకొన్న ఆల్ టీగ్ అనునతడు. నాలుగింజన్ల పనిని ఒక్క యింజనుతో చేసిన యతని వేగము 409.986 మైళ్లు.

పెద్ద కంపెనీలు వీరిలో కొందఱికి టైర్లును ఇంజన్లును ఇచ్చి తోడ్పడిన మాట నిజమే. దానిని దాచ నక్కఱ లేదు. కాని చేయి చాపుటకు ముందు ఆ చేతిలో చూపదగిన పని యుండవలెను గదా! పెరటి శాలలో పని మొదలైన పిమ్మటనే కంపెనీ ద్వారము తెఱచుకొనినది.

ఇట్లనుటచే ధైర్యమొక్కటియే చాలునని యెవ్వరును భ్రమపడరాదు. సాల్ట్ లేక్ నగరమున మోటారు మరమ్మతు శాల నడుపుకొను ఆథల్ గ్రాహమ్ విమానపు తొట్టితో దేహమును, విమానపు టింజనుతో ప్రాణమును కూర్చిన బండిని స్వయముగా నిర్మించి, 1959 డిసెంబరులో గంటకు 344 మైళ్ల వేగమందుకొనెను. మఱుసటి సంవత్సరము ఆగస్టు 1వ తేదీన అదే బయలుపై ఆ బండియే బోల్తాపడి అతనిని బలిగొనెను. ఆర్ఫన్స్ సైతము 1966 నవంబరులో సుమారు 600 మైళ్ల వేగమున బండి చెల్లాచెదరై పోగా ప్రాణములతో బయటపడుట యద్భుతము. ఇంట కట్టినదని గాలి దయ తలపదు.

అందుచేతనే ఈ పనివారు బండ్లతో పాటు మఱియొకదానిని గూడ తామే కట్టుకొనిరి. అది నియమావళి. 1930వ దశకమున కాలిఫోర్నియా యువకులు ఎండిన చెఱువు బయళ్లలో నిష్టము వచ్చినట్లు పరుగెత్తి, ఒకరినొకరు ఢీకొని, లోకులచే అల్లరి మూక యనిపించుకొనుచుండిరి. 1937లో వారి క్లబ్బులే కూడి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనినవి. బోనవిల్ వేగవారమును నేటికిని నడుపునది ఆ సంఘమే. ఉక్కు పంజరము లేనిదే, నిప్పంటని దుస్తులు లేనిదే, నిప్పార్పు సాధనము లేనిదే బండి కదలరాదు. మిక్కిలి వేగము గల బండికి వెనుకనుండి విచ్చుకొను పారాచూటు ఉండితీరవలెను. క్రొత్తవా డెంతటి మొనగాడైనను ఒక్కసారిగా గరిష్ఠవేగమునకు పోరాదు. మెట్టు మెట్టుగా పరుగెత్తి చూపి, ఒక్కొక్క లైసెన్సును సంపాదించుకొనుచు పైకి పోవలెను. ఈ నియమములు దొరతనమువారు నెత్తిన రుద్దినవి కావు. ప్రాణములు పోగొట్టుకొన్నవారి తోడివారు తమకు తాము విధించుకొనినవి. స్వపరిపాలన యన నిట్లుండవలెను.

రికార్డునకు సాక్ష్యము గూడ అంతే కఠినము. ప్రపంచ రికార్డు కావలెనన్నచో ఒక గంటలోపల రెండు దిక్కులను పరుగెత్తి, రెంటి సగటును చూపవలెను. గాలి వెన్నుతట్టిన పరుగు లెక్కకు రాదు. 1960 సెప్టెంబరు 9న మికీ థాంప్సన్ అను స్వయంశిక్షితుడు నాలుగు ఇంజన్లతో తాను కట్టిన బండిపై ఒక దిక్కున గంటకు 406 మైళ్లు దాటెను. తిరుగు పరుగున బండిలోని ఇరుసుకడ్డీ విఱిగెను. లోకమంతయు అతని వేగమును కన్నులార చూచినది. రికార్డు మాత్రము దక్కలేదు. తనవారి నియమము తనకే అడ్డు వచ్చినపుడు గూడ దానిని మన్నించుటలోనే ఈ విద్య యొక్క గౌరవమున్నది.

ఇంజను ఇంట బాగుపడినది, దేహము తుక్కునుండి పుట్టినది, శాసనము పనివారే వ్రాసికొనిరి. ఇక ఇంట చేయరానిది ఒక్కటియే మిగిలినది: నేల.

గంటకు 400 మైళ్లు పోవు బండి కొలమైలును 9 సెకండ్లలో దాటిపోవును. కాని ఆ 9 సెకండ్ల కొఱకు ముందు వేగము పుంజుకొనుటకు కొన్ని మైళ్లును, పిమ్మట నిలుచుటకు కొన్ని మైళ్లును కావలెను. అంత దూరము చెట్టు గాని, గుట్ట గాని, గుంట గాని లేని చదును కావలెను. బోనవిల్ పురాతనమైన యొక మహాసరస్సు ఎండగా మిగిలిన ఉప్పుపొర. చలికాలమున నీరు దానిపై పలుచగా నిలుచును. ఆ నీటిని గాలి అటునిటు నెట్టును. వేసవిలో నీరిగిరి ఉప్పు మరల పేరుకొని పలక వలె నగును. ప్రకృతియే ఏటేట రహదారిని మరమ్మతు చేయుచున్నదన్నమాట. అది ప్రజల భూమి. ప్రభుత్వపు భూపాలన శాఖ దానికి కావలిదారు.

ఆ పొర క్రమముగా క్షీణించుచున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలము మొదలు ఆ ప్రాంతమున కాలువలు త్రవ్వి, నేలలోని ఉప్పునీటిని మళ్లులకు మఱలించి, ఎండబెట్టి, ఎరువులకు వలయు పొటాషును తీయుచు వచ్చిరి. పొటాషుతో పాటు బయలునుండి తరలిన మామూలు ఉప్పు మళ్లలోనే నిలిచిపోయినది. 1997 మొదలు 2002 వఱకు కొంత ఉప్పును నీటిలో కరగించి మరల బయలుపైకి పంపిరి; అది మంచి పనియే గాని, పోయిన దట్టము తిరిగి రాలేదు. పూర్వము 13 మైళ్ల వఱకు సాగిన పరుగుబాట ఇటీవలి యేండ్లలో మిక్కిలి కుంచించుకొనిపోయినది. 2014లోను, 2015లోను, 2022లోను నీటిచేతనో, బురదచేతనో వేగవారమే మానుకొనవలసి వచ్చెను.

బాట కుఱుచనైనచో నష్టపడున దెవ్వరు? ధనవంతు డింకొక యెడారిని వెదకుకొనును. దక్షిణాఫ్రికాలోని హాక్‌స్కీన్ బయలుపై బ్లడ్‌హౌండ్ అను జెట్ బండి 2019లో గంటకు 628 మైళ్లు పోయెను. ఆ బాటకై సుమారు 300 మంది స్థానికులు 16,000 టన్నులకు మించిన రాళ్లను చేతులతో నేరి తొలగించిరి. అంతటి యేర్పాటు పెరటి శాలవాని తరమా? చిన్న యింజను గలవాడే వేగము పుంజుకొనుటకు ఎక్కువ దూరము కోరును. కావున బయలు కుదించుకొనిన ప్రతి మైలును మొదట వాని నోటికాడి కూడునే తీసివేయుచున్నది.

ఇది కొందఱి వెఱ్ఱి వేడుక, దీనికై ఎరువుల పరిశ్రమను ఆపుదురా యని యడుగువారుందురు. పరిశ్రమ వలదని మేమనుట లేదు. పైరునకు పొటాషు కావలెను. మేము చెప్పున దొక్కటియే: ఉమ్మడి సొత్తునుండి తీసికొన్నవాడు తీసికొన్నదానికి లెక్క చెప్పవలెను, తనకక్కఱలేని ఉప్పును తీసిన చోటికే చేర్చవలెను. ఏటేట పొర మందమును కొలిచి ప్రజలకు ప్రకటింపవలెను. పరుగెత్తువారును తడినేలపై చక్రము మోపక తమ వంతు కాపాడవలెను. ఇంతకు పూర్వమే కాలిఫోర్నియాలోని మ్యూరాక్ బయలును సైన్యము తన విమానములకై గైకొనగా వీరు స్థలము మార్చుకొనిరి. బోనవిల్ పోయినచో పోవుటకు అంతటి బయలు ఆ దేశమున మఱియొకటి దొరకుట దుర్లభము.

ఈ మాట సముద్రము లావలివారికే గాదు. బావిని ఇంటివాడు త్రవ్వుకొనును. చెఱువును ఊరు కాపాడుకొనవలెను. ఎవరి నేర్పు వారిదే యైనను, ఆ నేర్పునకు నిలువ నీడ యిచ్చు బయలు, మైదానము, గ్రంథాలయము, పాఠశాల అందఱివి. యువకుల చేతికి సుత్తి నిచ్చి, వారు పనిచేసి చూపదగిన చోటును మాత్రము అమ్ముకొను సమాజము తన నేర్పును తానే పాతిపెట్టుకొనును. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదని మన పెద్దలు చెప్పిరి. ఉప్పుపై నడచి కీర్తి నార్జించిన దేశము ఆ యుప్పు ఋణమును తీర్చుకొనవలసిన కాలము వచ్చినది.