పచ్చిపులుసు మర్యాద

నూజివీడు ప్రాంతంలో వేసవి ముదిరినదని చెప్పడానికి పంచాంగం అక్కరలేదు. ఒక రాత్రి ఈదురుగాలి వీస్తుంది. తెల్లవారేసరికి తోటలలో చెట్లక్రింద పచ్చికాయ పరుచుకొని వుంటుంది. తోటను గుత్తకు తీసుకొన్నవానికి అది నష్టం. రాలినకాయకు బజారులో మంచి ధర పలకదు. కాని ఆనాటి మధ్యాహ్నం ఆ ఊళ్ల వంటయిండ్లలో మామిడికాయ పచ్చిపులుసు తయారవుతుంది.

దాని విధానం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. పుల్లని కాయను నిప్పులమీద కాల్చి, లేదా ఉడికించి, తొక్కతీసి గుజ్జు పిసుకుతారు. ఆ గుజ్జును కుండనీళ్లలో కలిపి, ఉప్పు, కాసింత బెల్లం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర చేరుస్తారు. ఇష్టమున్నవారు ఆవాలు, ఎండుమిరప, కరివేపాకుతో తిరగమోత పెడతారు. పులుసును మాత్రం పొయ్యి ఎక్కించరు. ‘పచ్చి’ అనే మాట దాని పేరులో నిలిచినది అందుకే. ముద్దపప్పు కలిపిన అన్నానికి దానిని మించిన తోడు లేదు.

ఎండ తీక్షణంగా కాచే మరొక సీమలోనూ ఇట్టి వంటకమే పుట్టినది. స్పెయిన్ దేశపు దక్షిణభాగమైన అండలూసియాలో దానిని ‘గస్పాచో’ అంటారు. ఎండిన రొట్టెను నీట నానవేసి, వెల్లుల్లి, ఉప్పు, ఆలివు నూనె, సిర్కా చేర్చి నూరిన ఆ చల్లని పులుసు మొదట పొలాలలో శ్రమించేవారి ఆహారం. నేడు దానికి ఎర్రదనమిచ్చే టమాటా 1492 తరువాత అమెరికా ఖండంనుంచి వచ్చినది. తెలుగువారి పులుసులోని మిరపకాయ కూడా ఆ ఖండపుదే; 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిన పిమ్మట పోర్చుగీసువారి ద్వారా ఈ దేశానికి వచ్చినది. పరదేశపు కాయలు రెండుచోట్లా పేదవాని గిన్నెలో చేరి, అక్కడ సిర్కాతో, ఇక్కడ మామిడితో పొత్తు కుదుర్చుకొన్నవి.

పోలిక ఇంతవరకే. గస్పాచో నేడు దేశదేశాల పెద్ద హోటళ్లలో భోజనానికి నాందిగా వస్తున్నది. పచ్చిపులుసు మాత్రం స్వంత ఊరిలోనే చుట్టం రాగానే చాటుకు పోతున్నది. అల్లుడు వచ్చిననాడు వేపుళ్లు, పులిహోర, మసాలా కూరలు. ఇంటివారే వున్ననాడు పచ్చిపులుసు. ‘ఏమీ లేక పచ్చిపులుసు చేశాను’ అని ఇల్లాలు తప్పు ఒప్పుకొన్నట్లు చెప్పడం వినని తెలుగువాడు అరుదు.

ఈ సంకోచానికి మూల్యం చెల్లించేదెవరు? రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగు సామెత. ఆ ఎండలో అతిథి గౌరవంకోసం గంటలకొద్దీ పొయ్యిముందు నిలిచేది ఇల్లాలే. నిప్పు ఎంత మండితే మర్యాద అంత గొప్పదనే లెక్క, విస్తరిముందు కూర్చునేవారు వేసినదే గాని వండేవారు వేసినది కాదు. ఆ లెక్కకు పచ్చిపులుసు చిన్నవంట. ఋతువును చూచి తూచినచో అంతకంటె వివేకమైన వంట లేదు. చెమటలో పోయిన నీటిని, ఉప్పును అది తిరిగి ఒంటికి చేరుస్తుంది.

పచ్చిపులుసుతో విందు ఎట్లా అని అడిగేవారుంటారు. విందంతా అదే కానక్కరలేదు. చిన్నరసం పండుతో ముగిసే భోజనం పచ్చి మామిడికాయతో మొదలుకావడంలో లోపమేమున్నది? పండును బుట్టలకెత్తి దూరప్రాంతాలకు పంపి గర్వించే సీమ, గాలికి రాలిన కాయను వృథాపోనీయని తన ఇల్లాండ్ర నేర్పును చూచి కూడా గర్వించవలె. ఈ వేసవిలో చుట్టం వచ్చినప్పుడు ఆ గిన్నె చాటుకు కాక, విస్తరిముందుకు రావలె.