కంప్యూటర్ గడియ ఎవరు వేయాలి?

రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ, గ్యాస్ సిలిండర్, పాలగిన్నె మీద మూత చూసేది ఎవరండీ? చాలా ఇళ్ళలో మనమే. మరి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి "అది ఆయన చూసుకుంటారు", "బాబుకి తెలుసులే" అని ఎందుకు తప్పుకుంటాం? బ్యాంకు లెక్కలు, ఆధార్ కాపీలు, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనేగా! నన్నడిగితే అదీ ఇంటి బీరువాలాంటిదే.

ఫైర్‌వాల్ అంటే ఇంజనీర్లకే అర్థమయ్యే మాటేం కాదు. నెట్‌కి కలిపిన కంప్యూటర్‌కి పోర్టులని 65 వేలకు పైగా వాకిళ్ళుంటాయి. మనం పిలవకుండా బయటినుంచి వచ్చి తట్టేవాటిని ఆపేదే ఫైర్‌వాల్. మనం అడిగిన పేజీకి మాత్రం దారి ఇస్తుంది.

"మా కంప్యూటర్లో ఏముందని వస్తారు?" అంటారు కొందరు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ విండోస్ ఎక్స్‌పీ, 2000 కంప్యూటర్లలో దూరింది. ఎవరూ మెయిల్ తెరవనక్కర్లేదు, దేన్నీ నొక్కనక్కర్లేదు. నెట్‌లో ఉంటే చాలు. అది ఇంటి పేరు చూసి రాలేదు, తెరిచిన వాకిలి వెతుక్కుంటూ వచ్చింది. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నా, మనం ఆన్ చేసుకుంటేనే పనిచేసేది. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో అది ముందే ఆన్ అయి రావడం మొదలైంది.

అంటే ఇప్పుడు గడియ వేసే ఉంది. తీసేది మనవాళ్ళే! దొంగ కాపీ గేమ్ దించుకుంటే "ముందు ఫైర్‌వాల్ ఆపేయండి" అని రాసి ఉంటుంది, పిల్లలు సరేనని ఆపేస్తారు. గడియ తీసి పెట్టమని అడిగేవాడు చుట్టమెలా అవుతాడో వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. తిట్టకండి, తిడితే ఈసారి చెప్పకుండా ఆపేస్తారు.

అలాగని అంతా ఫైర్‌వాల్ మీదే వదిలేస్తే కుదరదు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరో అంటే మనమే వేసుకుని, స్క్రీన్ వాళ్ళకి అప్పగిస్తే, పిలిచిన అతిథే అనుకుని అది ఊరుకుంటుంది. అలా డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

నేర్చుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. విండోస్ 10, 11లలో స్టార్ట్‌లో "విండోస్ సెక్యూరిటీ" అని వెతికి, ఫైర్‌వాల్ దగ్గర ఆన్ అని ఉందో లేదో చూడండి. వైఫై డబ్బాకి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చండి. హోటల్లో, స్టేషన్లో వైఫై వాడితే "పబ్లిక్" అని ఎంచుకోండి. పప్పు ఉడికేలోపు అయిపోయే పనులివి.

ఇంటి తాళాలు కొంగున కట్టుకున్న అమ్మమ్మల మనవరాళ్ళం. ఈ ఒక్క తాళం ఎక్కడుందో తెలియదనడం మనకి బాగుంటుందా?